మనవడి తుపాకీ, మామ్మ మిషను

తుపాకీతో నా పరిచయం దీపావళికి పిల్లలు టపటపా పేల్చే రీలు తుపాకీ దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. అలాంటి నేను అరవై తొమ్మిదో ఏట, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో, భోజనాల బల్ల మీద పాత చీర పరచుకుని, ముక్కు మీదికి జారిపోతున్న కళ్ళజోడు ఎగదోసుకుంటూ ఒక తుపాకీ పేగులన్నీ బయటికి తీసి కూర్చున్నానంటే మా వదిన నమ్మలేదు. "నీకేమైనా మతి పోయిందా?" అంది ఫోన్లో. మీరూ అదే అంటారేమో! అనేముందు సంగతంతా వినండి.

మా అబ్బాయి ఉండేది డల్లాస్ దగ్గర. నేను వెళ్ళిన మూడోనాడు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చానో లేదో, పైగదిలోంచి చప్పుడు. మిక్సీలో పొరపాటున చెంచా పడితే ఎలా ఉంటుందో అలా. గర్‌ర్‌ర్ మని మొదలై, కీచుమని సాగి, టక్కుమని ఆగింది. ఆ వెనకే నా మనవడి మూలుగు. గాభరాపడి మెట్లెక్కి చూద్దును కదా, పదిహేనేళ్ళ వెధవ నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒళ్ళో నల్లటి తుపాకీ పెట్టుకుని, కన్నబిడ్డకి జ్వరమొచ్చిన తల్లిలా దాని కేసి చూస్తున్నాడు.

నా గుండె ఆగినంత పనయింది. "భయపడకు మామ్మా, ఇది ఎయిర్‌సాఫ్ట్, టాయ్" అన్నాడు వాడు, తనకొచ్చిన తెలుగులో.

ఎయిర్‌సాఫ్ట్ అంటే ఏమిటో వాడు నాకు చెప్పిన పాఠం మీకూ చెబుతాను. ఇందులో మందుగుండు లేదు. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, గ్రాములో అయిదో వంతు బరువు, గాలి తోపుకి బయటికి పోతుంది. బ్యాటరీ మోటారును తిప్పుతుంది. మోటారు మూడు గేర్లను తిప్పుతుంది. మూడో గేరుకి చుట్టూ సగం మేరకే పళ్ళుంటాయి. ఆ పళ్ళు పిస్టన్ పళ్ళను పట్టుకుని వెనక్కి లాగుతాయి, వెనక స్ప్రింగు నొక్కుకుపోతుంది. పళ్ళు అయిపోగానే పట్టు వదిలేస్తుంది. స్ప్రింగు పిస్టన్ను ముందుకి తన్నుతుంది, సైకిలు పంపులోలాగా గాలి పోటెత్తి గుండును తోస్తుంది. ఇదంతా సెకనులో పదిహేనుసార్లు!

నిజం తుపాకులు సామాన్యులకు దొరకని జపానులో 1970ల్లో పుట్టిందట ఈ సరదా. బ్యాటరీతో నడిచేవి 1991లో వచ్చాయట. పిల్లలూ పెద్దలూ కళ్ళకి అద్దాలు, మొహానికి ముసుగు కట్టుకుని రెండు జట్లుగా ఆడతారు. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. గుండు తగిలితే రంగూ అంటదు, గుర్తూ మిగలదు. కాబట్టి తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అని ఒప్పుకుని పక్కకి తప్పుకోవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. మన చింతపిక్కల ఆటలో కూడా ఇంత నీతి లేదు.

మరి అంత ముచ్చటైన ఆట అయితే ఇంట్లో మొహాలు ముడుచుకుని ఉన్నాయేం? అది కోడలు చెప్పింది, వంటింట్లో గొంతు తగ్గించి. "మీ అబ్బాయికి అది చూస్తేనే ఒళ్ళు మంట అత్తయ్యగారూ. వీడు వేసవంతా పక్కిళ్ళ గడ్డి కోసి సంపాదించిన డబ్బు మొత్తం దానికే పోశాడు. రెండు వారాలై తండ్రీ కొడుకులకి మాటల్లేవు."

మావాడి మంట ఒట్టి డబ్బు గురించి కాదు. 2014 నవంబరులో క్లీవ్‌లాండులో ఒక పార్కులో పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లవాడు ఇలాంటి ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఉంటే, నిజం తుపాకీ అనుకుని పోలీసు కాల్చాడు. మర్నాడు ఆ పసివాడు పోయాడు. బొమ్మ తుపాకీ మూతికి నారింజరంగు ఉండాలని ఆ దేశంలో 1988లో చట్టం చేశారు. దూరం నుంచే బొమ్మ అని తెలియాలని. ఆ పిల్లవాడి తుపాకీకి ఆ రంగు ముక్క లేదు. మా మనవడి ఒళ్ళో ఉన్నదాని మూతి కూడా నల్లగానే ఉందని నేను అప్పుడే గమనించాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అది కాస్తా పేలింది. తుపాకీ కాదు, మావాడు. "మళ్ళీ పాడైందిగా? పారెయ్ దాన్ని. నువ్వు ముట్టుకున్నది ఏదీ బాగుపడదు" అన్నాడు కొడుకుతో.

పెరుగన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట వాడిది కాదు. నాది!

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. నా పెళ్ళికి, 1975లో, మా నాన్న కాలితో తొక్కే కుట్టుమిషను ఇచ్చారు. ఆ మిషను మీద జాకెట్లు కుట్టి నేను పిల్లల ఫీజులు కట్టాను. 1986లో దసరా ముందు పని పోటెత్తితే, తొక్కలేక మిషనుకి మోటారు పెట్టించాను. వీధంతా వచ్చి చూసింది. వారం తిరక్కుండా దారం తెగడం మొదలైంది. రెండు జానలు కుట్టడం, పుటుక్కు. కొత్త షటిలు కొని వేశాను. ఇంకా ఎక్కువ తెగింది. ఇంటి ముందు జాకెట్ల కోసం ఆడవాళ్ళు, ఇంట్లో నా చిరాకు. ఆ మధ్యాహ్నం చూస్తే, అప్పటికి తొమ్మిదేళ్ళ మావాడు స్క్రూడ్రైవరుతో బాబిన్ కేసు విప్పి కూర్చున్నాడు. దాని చిన్న మర ఎక్కడో పారేశాడు. రెండు అంటించాను. "నువ్వు ముట్టుకున్నది ఏదీ బాగుపడదు" అన్నాను.

మర్నాడు మెకానిక్కు వచ్చాడు. ముసలాయన. షటిలు తిరిగే గూడులో వేలు పెట్టి తడిమి చూసి నవ్వాడు. "పదకొండేళ్ళు తొక్కిన గూడమ్మా ఇది, అరిగి వదులైపోయింది. కాలితో తొక్కినన్నాళ్ళూ ఓర్చుకుంది. మోటారు వేగానికి ఓర్చలేకపోయింది. కొత్త షటిలు, పాత గూడు, మధ్య సందు. ఆ సందులో దారం నలిగి తెగుతోంది. పిల్లాడిదేం తప్పు?" అన్నాడు. గూడు మార్చాడు, బెల్టు కాస్త వదులు చేశాడు, సూది తగిలి గరుకైన చోట రుద్దాడు. మిషను మళ్ళీ పాడింది. డబ్బులిచ్చి పంపాను. కానీ ఆ సంగతి మావాడికి మాత్రం చెప్పలేదు. పిల్లాడి దగ్గర తల్లి తప్పు ఒప్పుకోవడమేమిటని కాబోలు. అత్తమీద కోపం దుత్తమీద చూపి, దుత్త పగిలినా పలకలేదు.

మావాడు ఆ తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకోగా నేను చూడలేదు. ఇవాళ పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, సంతోషం. కానీ ఇంట్లో కుళాయి కారితే వాషరు మార్చడానికి మనిషిని పిలుస్తాడు. కోడలు నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

మర్నాడు వాడు ఆఫీసుకి వెళ్ళగానే మనవడిని పిలిచాను. "దాన్ని కిందికి తీసుకురారా. చూద్దాం" అన్నాను.

"నీకేం తెలుసు మామ్మా?"

"నాకు తుపాకీ తెలియదు. మోటారు, గేరు, అరుగుదల తెలుసు. ముందు ఏమేం మార్చావో వరసగా చెప్పు" అన్నాను.

వాడు చెప్పిన జాబితా ఇది. ముందు గట్టి స్ప్రింగు వేశాడు, ఎం-120 అని. ఆ అంకె గుండు సెకనుకి సుమారుగా ఎన్ని మీటర్లు పోతుందో చెబుతుందట. తర్వాత 7.4 వోల్టుల బ్యాటరీ తీసేసి 11.1 వోల్టులది పెట్టాడు. వేగం పెరిగింది, ప్లాస్టిక్ పిస్టన్ పళ్ళు ఊడిపోయాయి. ఉక్కు పళ్ళ పిస్టన్ కొన్నాడు. అది గేరు పళ్ళని తినేసింది. ఉక్కు గేర్లు కొన్నాడు. ఆ గేర్ల ఇరుసులు తిరిగే బుష్షులు 7 మిల్లీమీటర్లవి తెప్పిస్తే, పెట్టెలో కన్నాలు 8 మిల్లీమీటర్లవి. గుండ్రంగా తిరగాల్సినవి గంటల్లా ఊగాయి. అవి వాపసిచ్చి సరైనవి తెచ్చాడు. ఇప్పుడేమో కీచుమని అరుపు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. వాడే కానీ, చెవులకి ఆ కొమ్ముల బరువు మోసే శక్తి ఉందా అని ఎవరూ చూడలేదు!

"పాత ముక్కలేవీ?" అన్నాను.

"పారేద్దామని డబ్బాలో పడేశాను."

"పారెయ్యకు. పాడైన ముక్కే ఎందుకు పాడైందో చెబుతుంది." మా మెకానిక్కు కూడా మొట్టమొదట విరిగిన సూదినే చూపించమనేవాడు.

పని మొదలెట్టాం. బ్యాటరీ తీసి వేరే గదిలో పెట్టమన్నాను. గుళ్ళ డబ్బా తీయించాను. గొట్టంలో గుండు మిగిలి ఉందేమో చూడమన్నాను. కోడలి దగ్గర వాడకుండా పడున్న పోపులపెట్టె ఒకటి అడిగి తీసుకున్నాను. ఆవాల గిన్నెలో పొట్టి మరలు, జీలకర్ర గిన్నెలో పొడుగు మరలు, మెంతుల గిన్నెలో బుష్షులు, మినప్పప్పు గిన్నెలో చిన్న స్ప్రింగులు. "మామ్మా, సూపర్ ఐడియా" అన్నాడు వాడు. వాళ్ళమ్మ మాత్రం ఆ పెట్టె కేసి చూసిన చూపు మీరు చూడవలసింది.

గేరుపెట్టె తెరిచేటప్పుడు ఒక గొడవ జరిగింది. పిస్టన్ సగం లాగి ఆగి ఉంటే స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది. గేరు వెనక్కి తిరగకుండా పట్టుకునే చిన్న నాలికను తప్పిస్తే ఆ బిగువు వదులుతుంది. వాడు అది మరచి పెట్టె విప్పాడు. స్ప్రింగు పైకి లేచి, ఫ్యాను రెక్కకి కొట్టుకుని, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుచారు పక్కన పడింది. ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాం కనుక సరిపోయింది. నావి చదువుకునేవే అనుకోండి.

ఫోను దీపం వేసి పాత పిస్టన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండిటికీ మొదటి పన్నే పోయింది. అదీ పన్ను మొత్తం కాదు, కొసన మాత్రమే చెక్కినట్టుంది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"ఓన్లీ టిప్."

"అంటే గేరు పన్ను దీన్ని పూర్తిగా ఆనకుండా కొసన గుద్దుతోందన్నమాట. రోకలి నిలువుగా పడాలి నాన్నా. పక్కకి పడితే ఎంత గట్టి రోలైనా అంచు పగులుతుంది. నువ్వు రోలు మార్చుకుంటూ పోయావు గాని, రోకలి ఎలా పడుతోందో చూడలేదు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "దాని గురించి చదివాను మామ్మా. బోరని వదిలేశాను" అన్నాడు. మందు వాడికి తెలుసు. సిలిండరు తలకి లోపలివైపు రబ్బరు బిళ్ళ ఒకటి అంటిస్తే పిస్టన్ ఆ మందం మేరకు వెనక్కి జరిగి నిలబడుతుంది. అప్పుడు గేరు పన్ను కొసన కాక నిండుగా ఆనుతుంది. దారి అడ్డొచ్చే రెండో పన్నును అరగదీసి తీసెయ్యాలి. రబ్బరు కొంచెం కొంచెం కోసి, మందం సరిచూసి, వేలితో గేరు తిప్పి చూస్తూ ఒక పూట గడిపాం. చివరికి పన్ను మీద పన్ను బల్లపరుపుగా వాలినప్పుడు వాడి మొహం చూడాలి, కొత్త రవికె మొదటి కొలతకే సరిపోయిన పెళ్ళికూతురిలా ఉంది.

ఇక అరుపు సంగతి. గేర్ల పెట్టె లోపలి గోడ మీద ఒకచోట తళతళ మెరుస్తూ గీత ఉంది. ఒక గేరు పక్కకి జరిగి గోడని రాస్తోందన్నమాట. దీనికి షిమ్‌లని సన్నటి బిళ్ళలుంటాయి. 0.1, 0.2, 0.3 మిల్లీమీటర్ల మందం. ఇరుసుకి పైనా కిందా తొడిగి గేరును నడిమధ్య నిలబెట్టాలి. వాడు పాత గేర్లకున్న బిళ్ళల్నే కొత్త గేర్లకి తొడిగేశాడు. కొత్తవాటి కొలతలు వేరాయె! చెల్లెలి పెళ్ళికి అక్క జాకెట్టు వేసినట్టయింది. ఒకచోట వదులు, ఇంకోచోట పిటపిట.

మోటారు తలనున్న చిన్న గేరుతో కలిసే మొదటి గేరునే ముందు సరిచెయ్యాలన్నాడు వాడు. ఒక బిళ్ళ వెయ్యడం, పెట్టె మూసి మరలన్నీ బిగించడం, వేలితో తిప్పి చూడడం. మరలు బిగించకుండా చూస్తే లాభం లేదు, బిగిస్తేనే అసలు కొలత తెలుస్తుంది. పట్టేస్తే ఒక బిళ్ళ తీసెయ్యడం. కడకడలాడితే ఒకటి వెయ్యడం. ఇరుసు పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఉందీ లేదూ అన్నంత కదలిక మిగలాలి. అంతకన్నా బిగిస్తే వేడెక్కుతుంది, అంతకన్నా వదిలితే అరుస్తుంది. ఇది కాపరాలకీ వర్తిస్తుందని నాకు తోచింది గాని, పదిహేనేళ్ళవాడితో ఏమంటాం?

ఒకసారికి ఒక్కటే మార్చాలని ఒట్టు పెట్టించుకున్నాను. రెండు మార్చి చూస్తే, బాగుపడినా పాడైనా దేనివల్లో తెలియదు. నేను షటిలూ మోటారూ ఒకేసారి నమ్ముకుని చెడింది అక్కడే. వాడు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు, ఏ ఇరుసుకి ఎన్ని బిళ్ళలని.

తర్వాత గాలి పరీక్ష. పిస్టన్ను సిలిండరులో పెట్టి, గాలి బయటికొచ్చే ముక్కును వేలితో మూసి నెట్టాలి. గాలి ఎటూ పోకపోతే పిస్టన్ మధ్యలోనే ఆగిపోవాలి. మాది సుస్సుమంటూ చివరిదాకా పోయింది.

"కుక్కరు రబ్బరు పోయింది" అన్నాను.

"కుక్కర్?"

"ఆవిరి పక్కనుంచి పోతుంటే విజిలు రాదు. నువ్వు మంట పెంచుతావా, రబ్బరు చూస్తావా?"

వాడు తల పట్టుకున్నాడు. గాలి కారిపోతుంటే, జోరు లేదని ఇంకా గట్టి స్ప్రింగు వేశాడు మరి! మంట పెంచాడు. ఆ స్ప్రింగు పళ్ళను పీక్కు తింది. పిస్టన్ తలనున్న రబ్బరు వలయం పొడిబారి ఉంది. దానికి సిలికోన్ గ్రీజు రాశాం. మామూలు పెట్రోలియం గ్రీజయితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలిండరు తల దగ్గర కుళాయిలకి చుట్టే తెల్ల టేపు ఒక చుట్టు వేశాం. వాడు కొన్న కొత్త లోగొట్టం 6.03 మిల్లీమీటర్లది, పాతది 6.08. దాని వెనకుండే చిన్న రబ్బరు గొట్టం తొడుగు కూడా కొంచెం మెలితిరిగి కూర్చుంది. విప్పి సరిగ్గా తొడిగాం. ఈసారి వేలు పెడితే పిస్టన్ కదల్లేదు. గేర్లకి గ్రీజు పిసరంత రాశాం. వాడు ముందు ఆవకాయకి నూనె పోసినట్టు పోశాడు, అదంతా తుడిచేశాం.

పిడి అడుగున ఒక మర ఉంది. దాన్ని తిప్పితే మోటారు పైకీ కిందికీ జరుగుతుంది. ఇది చెవితో చెయ్యాల్సిన పని. బ్యాటరీ పెట్టి, కాస్త తిప్పడం, వినడం. ఎక్కువ బిగిస్తే మోటారు మూలుగుతుంది. తక్కువైతే కీచుమంటుంది. మధ్యలో ఒకచోట గొంతు మారి సన్నగా, మెత్తగా పాడింది. "ఆపు! అక్కడే" అన్నాను. పదకొండేళ్ళు మిషను తొక్కిన చెవి మరి, ఊరికే పోతుందా!

ఇవన్నీ అయ్యాక నేను అసలు విషయానికొచ్చాను. "మూతికి రంగేదీ?"

కొత్త బయటి గొట్టం కొన్నాడట. దాని మరలు కుడివైపు తిరుగుతాయి. పాత నారింజ ముక్క మరలు ఎడమవైపువి. రెండూ 14 మిల్లీమీటర్లవే అయినా ఒకదానిలో ఒకటి ఎక్కవు. "అందుకని వదిలేశాను. నల్లగా బావుంది కూడా" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

"గేరు కుదరకపోతే తుపాకీ పోతుంది. ఇది కుదరకపోతే ఏం పోతుందో మీ నాన్నకి తెలుసు. అందుకే అరుస్తున్నాడు" అన్నాను.

క్లీవ్‌లాండ్ పిల్లవాడి సంగతి వాడికి తెలుసు. కానీ నాన్న కోపానికీ ఆ సంగతికీ మధ్య గేరు వాడికి తగల్లేదు. సరైన మరలున్న నారింజ ముక్క ఆ సాయంత్రమే తెప్పించాడు.

శనివారం వాడిని మైదానానికి తీసుకెళ్ళాల్సిన మనిషి వాళ్ళ నాన్నే. నేను అడిగితే కాదనలేక బయలుదేరాడు. దారంతా మౌనం. అక్కడ ఆటకి ముందు ప్రతి తుపాకీ వేగం కొలిచే పరికరం ముందు పేల్చి చూపాలి. ఆ మైదానంలో 0.20 గ్రాముల గుండుకి సెకనుకి 400 అడుగులు దాటకూడదు. మావాడిది 412. గాలి కారడం ఆగింది కదా, గట్టి స్ప్రింగు తన అసలు జోరు చూపించింది! కొలిచే అబ్బాయి నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు.

నాలుగు రోజుల కష్టం. మనవడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మావాడు నోరు తెరవబోయాడు. ఏ మాట వస్తుందో నాకు తెలుసు. గబుక్కున ముందుకొచ్చి చెయ్యెత్తాను. "హిట్" అన్నాను.

ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

"ఆ దసరాకి మిషను పాడైంది నీవల్ల కాదురా" అన్నాను మావాడితో. "గూడు అరిగిపోయింది. మోటారు పెట్టించింది నేను. మెకానిక్కు మర్నాడే చెప్పాడు. నీకు చెప్పలేదు. నువ్వు ముట్టుకున్నది బాగుపడదని నేనన్న మాట తప్పు. అప్పుడే ఒప్పుకోవలసింది."

మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. చుట్టూ పిల్లల గోల. తర్వాత, "నాకు గుర్తులేదమ్మా" అన్నాడు. కానీ గుర్తులేనివాడు అలా కళ్ళజోడు తీసి తుడుచుకోడు.

కాసేపటికి కొడుకు కేసి తిరిగి, "ఇప్పుడేం చెయ్యాలిట?" అన్నాడు.

"ఎం-110 స్ప్రింగ్ ఉంటే సరిపోతుంది నాన్నా. కార్లో టూల్స్ ఉన్నాయి" అన్నాడు వాడు. అక్కడి చిన్న కొట్లోనే స్ప్రింగు దొరికింది. కారు డిక్కీ మీద పాత చీర పరిచాం. నా మోకాళ్ళు సహకరించక నేను మడతకుర్చీలో కూర్చున్నాను. మనవడు మరలు విప్పాడు. ముందుగా ఆ నాలిక తప్పించడం ఈసారి మరవలేదు. పెట్టె మూసేటప్పుడు స్ప్రింగు జారుతుంటే, "నాన్నా, ఇక్కడ పట్టుకో" అన్నాడు. మావాడు ఒక్క క్షణం సందేహించి, వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు వాడి చేతికెప్పుడొచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి చివరి మర వాడే బిగిస్తున్నాడు.

ఈసారి 371. కొలిచే అబ్బాయి బొటనవేలు పైకెత్తాడు. బలం తగ్గించేసరికి చప్పుడు కూడా మెత్తబడింది, పళ్ళమీద బరువూ తగ్గింది. ఇన్ని కొని, ఇంత ఖర్చుపెట్టి, చివరికి బాగుపడింది స్ప్రింగు తగ్గించాక!

ఆట లేనప్పుడు తుపాకీ మూతికి గుడ్డ తొడుగు వెయ్యాలని అక్కడ నియమం. పొరపాటున పేలినా గుండు అందులోనే ఆగిపోవాలి. మా వాడి తొడుగు చిరిగిపోయి ఉంది. ఇంటికొచ్చి కోడలి మిషను మీద కొత్తది కుట్టాను. రెండు మడతల మందపాటి గుడ్డ, చివర గట్టి సాగే తాడు, దాటిపోకుండా వెనక్కి బిగించి కట్టే కట్టు. పైన మాత్రం నా పెట్టెలో ఉన్న జాకెట్టు గుడ్డ వేశాను, కనకాంబరం రంగుది, మైలు దూరాన్నుంచి కనిపిస్తుంది. తుపాకీ ఇంట్లోంచి కదిలితే సంచీలోనే కదలాలని, ఆ తొడుగు లేకుండా సంచీలో పెట్టకూడదని తండ్రీకొడుకులు ఒప్పందం రాసుకున్నారు. సాక్షి సంతకం నాది.

నేను తిరిగొచ్చి రెండు నెలలైంది. మొన్న ఫోనులో కోడలు చెప్పింది, వంటింటి కుళాయి కారుతుంటే మనిషిని పిలవలేదట. తండ్రీ కొడుకూ కలిసి విప్పారట. ఇల్లంతా నీళ్ళట, వాషరు కొలత తప్పు తెచ్చారట, మళ్ళీ వెళ్ళి సరైనది తెచ్చారట.

"ఇప్పుడు కారడం లేదుగా?" అన్నాను.

"లేదు అత్తయ్యగారూ. కానీ నా పోపులపెట్టె మాత్రం ఇంకా తిరిగివ్వలేదు" అంది.